కొలత తీయని కూతురు

మా పెద్దమ్మ దర్జీ. ముందుగదిలో కిటికీ పక్కన మిషను, గోడకు వరసగా తగిలించిన జాకెట్లు, మెడలో ఎప్పుడూ టేపు. మనిషి గుమ్మం ఎక్కుతుండగానే నడుము కొలత చెప్పేసేది. అరంగుళం తేడా వచ్చేది కాదు.

కూతురికి మాత్రం ఎన్నడూ టేపు పెట్టలేదు. ఇంటి పిల్లేగా. పాత డ్రెస్సునే ఆదిగా పరుచుకుని, దానికన్నా రెండు వేళ్ళు వదులుగా కత్తిరించి కుట్టేసేది.

పదమూడో ఏట పిల్ల కాస్త ఒళ్ళు చేసింది. బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళ ముందు పెద్దమ్మ, "మా దానికి గుడ్డ తాను మొత్తం తెచ్చినా చాలట్లేదమ్మా!" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాజాలు కుడుతున్న పిల్ల తల ఎత్తలేదు.

ఆ తర్వాత నెలకోసారి అడిగేది.

"అమ్మా, ఇది బిగుతు. ఇంకాస్త వదులు చెయ్యవా?"

"మళ్ళీనా? ఇక నన్ను కూడా తినేస్తావేమిటే!"

అంటూనే కుట్లు విప్పేది. పిల్ల ఏపుగా ఎదుగుతోందని లోలోపల మురిసిపోయేది. కంచం గదిలోకి పట్టుకెళ్ళి తలుపేసుకుంటే, చదువు మీద శ్రద్ధ అనుకుంది.

పదిహేనో ఏట పిల్ల బడి మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయింది. ఆస్పత్రిలో నర్సు ఆ వదులు చొక్కా తీస్తుంటే పెద్దమ్మ చూసింది. చొక్కా లోపల పిల్ల సగం కూడా లేదు.

"ఎప్పట్నుంచి తినట్లేదు?" డాక్టరమ్మ అడిగింది.

"తింటుందండీ. ఎప్పుడూ వదులు చెయ్యమనేగా..." అంది పెద్దమ్మ. మెడలో టేపు అలాగే వేలాడుతోంది.

పిల్ల గోడవైపు తిరిగి అంది: "బిగుతుగా ఉంటే అందరూ చూస్తారు. వదులుగా ఉంటే ఎవరూ చూడరు. నువ్వు కూడా."

ఏడాదిగా వారం వారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నారు. పిల్ల కోలుకుంటోంది. ఇంట్లో పిల్ల ముందు బరువు, కొలతల అంకెల మాట ఎత్తొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడు పిల్ల ఇంట్లో ఉన్నంతసేపూ టేపు సొరుగులోనే ఉంటుంది.

మొన్న నేను వెళ్ళిన రోజు, పిల్ల తనంతట తానే ఎంచుకున్న నీలం గుడ్డ మిషను మీద ఉంది.

"ఇలా రావే. భుజం మీద వేసి చూస్తాను, అంతే. టేపు లేదులే," అంటూ పెద్దమ్మ రెండు చేతుల్తో గుడ్డ చాపి నిలబడింది.

పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది. కోపమేమీ లేదు.

"వద్దులే అమ్మా. ఆది ఇస్తాను."

లోపలికి వెళ్ళి పాత డ్రెస్సు తెచ్చి ఇచ్చింది. పెద్దమ్మ దాన్ని నీలం గుడ్డ మీద పరిచింది. కత్తెర తీసుకుంది కానీ, చాలాసేపు గుడ్డకు ఆనించలేకపోయింది.