ట్యాంకరు వెనకాల మా మేడమ్

మా మేడమ్ పోయారు. మంగళవారం పొద్దున ఢిల్లీ ద్వారకలో మెట్రో ఎక్కుతుంటే వాళ్ళాయన ఫోన్ చేశారు. ఆర్మీలో చేసి రిటైరైన మనిషి. "నిద్రలోనే వెళ్ళిపోయిందమ్మా" అని గొంతు వణక్కుండా చెప్పారు. నేనే ఎక్కబోయిన మెట్రో వదిలేశాను.

ధౌలా కువాన్ దగ్గరి కాలేజీలో ఆవిడ నాకు పర్యావరణశాస్త్రం చెప్పారు. చదువయ్యాక ఏ ఉద్యోగంలోనూ నిలవలేక మళ్ళీ ఆవిడ దగ్గరికే చేరాను. ఎందుకు మానేశావని అడగలేదు, పని చేతికిచ్చారు. ఢిల్లీ వాటర్ ఫుట్‌ప్రింట్ కొలవడం. అంటే కుళాయిలో వచ్చేదొక్కటే కాదు. ఈ నగరం తినే బియ్యానికీ, తాగే పాలకీ, కట్టే ఇళ్ళకీ ఎక్కడెక్కడి నీళ్ళు పోతున్నాయో లెక్కకట్టడం.

ఆవిడకి టీ కొట్టు దగ్గర కూడా అదే ధ్యాస. పాలు ఏ ఊరివి, గేదెల మేత బోరు కింద పండిందేనా అని ఆరా. "మేడమ్‌జీ, ముందు చాయ్ తాగండి, గేదె అడ్రసు తర్వాత కనుక్కుందాం" అనేవాడు కొట్టు భయ్యా. ఆవిడ పకపకా నవ్వి, "అచ్ఛా, రేపు చెప్పు మరి" అనేవారు. మర్నాడు నిజంగానే అడిగేవారు.

పోయిన వేసవిలో మా అపార్ట్‌మెంట్ సొసైటీకి ట్యాంకర్లు తప్ప దిక్కులేకపోయింది. ఎక్కడి నీళ్ళని నేనడిగితే, "నీళ్ళు నీళ్ళే కదా జీ" అన్నారు సెక్రటరీ. ఆ మాట చెబితే, "పద అమ్మాయ్, వెనకాలే పోదాం" అని మేడమ్ కారు తీశారు. ఖాళీ ట్యాంకరు నగరం దాటి, ఓ పల్లెలో బోరు దగ్గర ఆగింది. ఆ బోరు పక్కింటావిడ గుమ్మంలోంచి మమ్మల్ని ఎగాదిగా చూసింది. "దీదీ, మీ బండి నిండాకే మా మోటారుకి నీళ్ళందేది. ఒక్కోరోజు అదీ లేదు" అంది.

తిరిగొచ్చి నన్ను దింపుతూ మేడమ్, "ఇది రాయకపోతే మనం కొలిచిందంతా దండగ" అన్నారు. బోరుకి మీటరే లేదు కదా అన్నాను. "అంచనా అనే రాయి, ఎలా వేశామో చెప్పు. సున్నా వేస్తేనే అబద్ధం." ఆ సాయంత్రం ఇంట్లో కుళాయి తిప్పాలంటే భయమేసింది. ఇప్పటికీ వేస్తుంది.

సోమవారం రిపోర్టు ఇవ్వాలి. ఆవిడ స్థానంలోకొచ్చిన సీనియర్ నన్ను పిలిచారు. "మేడమ్ ఉంటే వాదించేవారు. నీ దగ్గర రసీదుందా? ట్యాంకర్ల అధ్యాయం తీసేయ్, ఠీక్ హై?" ఆలోచిస్తానని చెప్పి వచ్చేశాను.

శనివారం ఒక్కదాన్నే ఆ పల్లెకి వెళ్ళాను. మేడమ్ పోయారని చెబితే ఆ ఇంటావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "మరి మా సంగతి రాస్తానన్నారే?" అంది.

"రాశారు. రిపోర్టులో ఉంటుంది" అన్నాను. అక్కడే నిలబడి, అధ్యాయం తీయనని సీనియర్‌కి మెసేజ్ పెట్టాను. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి.

ఆ ఇంటావిడ నాకు తాగడానికి నీళ్ళు పడతానని మోటారు వేసింది. గొట్టం బుసకొట్టింది, కాస్త బురద ఉమ్మింది, మళ్ళీ గాలే. మోటారు ఆపకుండా, గొట్టం కింద అరచెయ్యి చాచి అలాగే నిలబడింది.