యాదలక్ష్మి బిగించిన షట్టరు తాళం

నార్కట్‌పల్లిలో హైవే దిగి నల్గొండ రోడ్డుకు మళ్లే చోట, పంక్చర్ల కొట్టుకూ ఇనుప సామాన్ల దుకాణానికీ నడుమ ఒక రేకుల షెడ్డు ఉంది. బోర్డు మీద అంజయ్య పేరే ఉంటుంది గానీ, ఫోను చేస్తే ఎత్తేది అతని భార్య యాదలక్ష్మి. డ్రిల్లింగ్ మిషను పట్టేదీ, నిచ్చెన ఎక్కేదీ ఆమే.

పెళ్లయి వచ్చిననాడు ఆమెకు తెలిసింది పత్తి ఏరడం, నాట్లు వేయడం. షట్టర్ల పని అంజయ్యది. 2016 ఎండాకాలంలో ఒక గోదాము షట్టరు విప్పుతుండగా పైనున్న స్ప్రింగు పట్టు తప్పి గిర్రున తిరిగింది. అతని కుడి మణికట్టు నలిగిపోయింది. నల్గొండ దవాఖానలో రెండుసార్లు ఆపరేషన్ చేశారు. చెయ్యి నిలిచింది, పట్టు మాత్రం రాలేదు. స్పానర్ తిప్పబోతే వేళ్లు వాటంతటవే విడిపోయేవి.

దుకాణం కిరాయికి ఇచ్చేద్దామని అంజయ్య అన్నరోజు యాదలక్ష్మి అతనికి అన్నం పెట్టి, పక్కన కూర్చుని అంది: "పని నీ నోట్ల ఉన్నది గదా. నువ్వు చెప్పు, నేను చేస్త."

మొదటి ఏడాది ఆమె వెళ్లిన ప్రతి చోటా జనం ఆమె వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూసేవారు. "మొగోళ్లు ఎవ్వరు రాలేదా?" అని అడిగేవారు. "షట్టరు లేస్తే చాలు గదనే అన్నా," అని ఆమె పెట్టె తెరిచేది. అంజయ్య ఒక స్టూలు మీద కూర్చుని ఎక్కడ వదులు చేయాలో, ఎక్కడ చెయ్యి పెట్టకూడదో చెప్పేవాడు. మూడో ఏటికి అతను రాకపోయినా పని ఆగేది కాదు.

2021లో దసరా అయిన వారానికి నిరోష అనే అంగన్‌వాడీ టీచరు దుకాణానికి వచ్చింది. ఇంటి పక్కన కారు పెట్టే షెడ్డుకు చేత్తో ఎత్తే షట్టరు ఉందనీ, దానికి గట్టి తాళం కావాలనీ అడిగింది.

"దొంగల భయమా?" అంది యాదలక్ష్మి.

నిరోష తల అడ్డంగా ఊపింది. "మా నాయిన కోసమక్కా."

ఆమె తండ్రి మారయ్య ముప్పయ్యేళ్లు లారీ నడిపాడు. ఆ తరువాత ఒక పాత తెల్లకారు కొని కిరాయికి తిప్పాడు. ఏడాదిగా ఆయనకు మతిమరుపు వచ్చింది. తిన్నది గుర్తుండదు, రోజు గుర్తుండదు. కానీ స్టీరింగు ముందు కూర్చుంటే చేతులూ కాళ్లూ వాటి పని అవి చేసుకుపోతాయి. వారం కిందట నిరోష అంగన్‌వాడీ సెంటరుకు వెళ్లాక ఆయన కారు తీసి హైవే ఎక్కాడు. అదీ ఎదురు దారిలో. లారీలు హారన్లు కొడుతూ పక్కకు తప్పుకుంటుంటే చిట్యాల దాకా పోయాడు. పెట్రోలింగ్ వాళ్లు ఆపి ఇంటికి తీసుకొచ్చారు.

"కారు తాళంచెవి దాచిపెట్టలేకపోయినవా?"

"దాచినక్కా. వైర్లు కలిపి స్టార్ట్ జేసిండు. అమ్ముదామంటే రెండు దినాలు అన్నం ముట్టలే. నువ్వొచ్చినప్పుడు తాళం సంగతి చెప్పకు. రిపేరు అని చెప్పు."

మరునాడు పొద్దున యాదలక్ష్మి వెళ్లేసరికి మారయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఉతికిన తెల్లచొక్కా, నున్నగా దువ్విన తల. ఆమెను చూసి, "ఎవలు బిడ్డా?" అన్నాడు. "షట్టరు చూస్తానికి వచ్చిన, పెద్దనాయినా," అందామె. అది అబద్ధం కాదు గనుక నోట్లోంచి తేలిగ్గానే వచ్చింది.

షట్టరును నేలదాకా దించి కొలతలు తీసుకుంది. కింది పట్టీకి నడుమ తాళంపెట్టె బిగించాలి. దాన్నుంచి రెండు చువ్వలు రెండు పక్కలకూ పోతాయి. చెవి తిప్పితే ఆ చువ్వలు గోడకున్న, షట్టరు అంచులు జారే ఇనుప గాడుల్లోని రంధ్రాల్లో దూరతాయి. అప్పుడు షట్టరు ఎంత లాగినా లేవదు. నిరోష బజారు నుంచి తెప్పించి పెట్టిన తాళం బయటి నుంచి మాత్రమే తెరుచుకునే రకం. యాదలక్ష్మి దాన్ని తిప్పి చూసి పక్కన పెట్టేసింది.

"ఇది వద్దు చెల్లె. ఆయన కార్ల కూసున్నప్పుడు తెల్వక ఎవరన్న తాళమేస్తే? లోపటి నుంచి చేత్తోని తీసేటిది నా దగ్గర ఉన్నది. అది పెడదాం."

నిరోష ముఖం పాలిపోయింది. ఆ మాట తనకు తట్టనే లేదు.

పెట్టె బిగించడం తొందరగానే అయింది. రంధ్రాలకు గుర్తు పెడుతున్నప్పుడు మారయ్య అరుగు దిగి వచ్చి వెనక నిలబడ్డాడు. కాసేపు చూసి, "గా ఎడమ పక్క తొర్ర గుండ్రంగ తియ్యకు బిడ్డా," అన్నాడు. "ఎండలు ముదిరితే గీ షట్టరు ఎడమకు వేలెడు దిగుతది. నిలువుగ జర పొడుగు తియ్యి."

యాదలక్ష్మి షట్టరును రెండుసార్లు ఎత్తి దించి చూసింది. ఆయన చెప్పింది నిజం. ఎడమ స్ప్రింగు అలిసిపోయింది. గుండ్రటి రంధ్రం తీసి ఉంటే వేసవికల్లా చువ్వ ఇరుక్కుపోయేది. ఆమె గుర్తు చెరిపి కొత్తది గీసింది. మారయ్య వంగి చువ్వను ఒక చివర పట్టుకున్నాడు. ఆమె మిషను ఆన్ చేసింది. ఇనుపరజను ఆయన తెల్లచొక్కా మీద పడుతున్నా కదల్లేదు.

పని అయ్యాక చెవి తిప్పింది. రెండు పక్కలా టక్కుమని చువ్వలు దిగాయి. మారయ్య షట్టరును ఒకసారి పైకి లాగి చూశాడు. లేవలేదు. మళ్లీ లాగాడు.

"చెవి ఎవరి దగ్గర ఉంటది?" అన్నాడు.

నిరోష తలుపు దగ్గరే ఆగిపోయింది. యాదలక్ష్మి చేతులు తుడుచుకుంది. ఇంతసేపు తనతో కలిసి పనిచేసిన మనిషికి అబద్ధం చెప్పడానికి ఆమెకు మనసు రాలేదు.

"నీ బిడ్డ దగ్గర, పెద్దనాయినా."

"నా బండికే తాళమా?"

"బండికి కాదు. ఆ దినం నువ్వు హైవే మీద ఎదురు పోయినవట. ఆమెకు భయమైంది."

మారయ్య షట్టరుకు వీపు ఆనించి నేల మీద కూలబడ్డాడు.

"లారీలు లైట్లు గొడుతుంటె ఎందుకో నాకు సమజ్ కాలె," అన్నాడు కూతురితో. "ఎటు పోతున్ననో కూడ తెల్వలె. అన్నీ మరుస్త గని గా భయం మరువలె. నీకు చెప్తె నువ్వింక భయపడ్తవని చెప్పలె బిడ్డా."

నిరోష వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఆమె మాత్రం ఆయన చొక్కా మీది ఇనుపరజను ఒక్కొక్కటిగా దులుపుతూ ఉంది. యాదలక్ష్మి సామాన్లు సర్దుకుంటున్నట్టు కాస్త దూరం జరిగింది.

వెళ్లేముందు ఆమె నిరోషను అడిగింది: "నీకు కారు నడపొస్తదా?"

"రాదక్కా."

"మరి ఇంట్ల ఇంత పెద్ద డ్రైవరు ఉండంగ నేర్చుకోకపోతివి?"

ఆ మాట అనేసి యాదలక్ష్మి మరిచిపోయింది. నిరోష మరిచిపోలేదు. మొదట్లో మారయ్య ఒప్పుకోలేదట. కారు పక్క సీటులో కూర్చోవడం తనవల్ల కాదన్నాడట. నాలుగు రోజులు బతిమాలాక ఒక సాయంత్రం ఇంటి వెనక ఖాళీ ప్లాట్లలోకి కారు తీశారు. క్లచ్చు వదలడం, గేరు మార్చడం, ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా ఆపడం, అన్నీ ఆయనే చెప్పాడు. నిన్న చెప్పింది ఈరోజు గుర్తుండేది కాదు కాబట్టి రోజూ మొదటి నుంచి చెప్పేవాడు. అందుకే తనకు అంత బాగా వచ్చిందని నిరోష నవ్వుతుంది. మూడు నెలల్లో లైసెన్సు తెచ్చుకుంది.

ఆ తరువాతి ఏడాది వానాకాలంలో ఒకరోజు యాదలక్ష్మికి కట్టంగూర్‌లో అర్జెంటు పని పడింది. షట్టరు సగంలో ఇరుక్కుపోయి ఒక ఎరువుల దుకాణం మూయడానికి లేకుండా ఉంది. మబ్బు పట్టింది, బస్తాలు తడుస్తాయి. ఆమె బండి చూస్తే స్టార్టు కాలేదు. రోడ్డు మీద ఆటో కోసం చూస్తుంటే తెల్లకారు వచ్చి ఆగింది. నిరోష కిటికీ అద్దం దించి, "ఎక్కక్కా," అంది.

సామాన్ల పెట్టె వెనక సీటు మీద పెట్టి, యాదలక్ష్మి దాని పక్కనే కూర్చుంది. ముందు సీటులో మారయ్య ఉన్నాడు. ఆమెను గుర్తుపట్టలేదు.

"ఏడికి పోవాలె బిడ్డా?" అని అడిగాడు.

"కట్టంగూర్‌కు, పెద్దనాయినా. వాన రాకముందే చేరాలె."

"చేరుస్తం," అన్నాడాయన. కూతురి వైపు తిరిగి, "అద్దంల చూసి ఎక్కియ్యి. తొందర వద్దు," అన్నాడు.

నిరోష అద్దంలో చూసి, ఒక లారీని పోనిచ్చి, కారును హైవే మీదికి ఎక్కించింది. వాళ్లు చేరేసరికి వాన ఇంకా మొదలవలేదు. దుకాణంవాడు నిచ్చెన వేసుకుని ఎదురుచూస్తున్నాడు.