అమ్మ అడిగిన వ్యాను

పోయిన ఆదివారం పొద్దున్నే మా అన్నయ్య కూతురూ అల్లుడూ బందరులో మా ఇంటి ముందు ఒక తెల్లటి వ్యాను ఆపి, హారన్ మోగించి, వీధి వీధంతా లేపేశారు. గుడివాడలో అన్నయ్యని ఎక్కించుకుని ఇటు వచ్చారట. అద్దెకు తెచ్చిన ఆ బండిని క్యాంపర్ వ్యాను అంటారని, అందులోనే పడుకుని అందులోనే వండుకుని నాలుగూళ్లు తిరిగి రావచ్చని మా మేనకోడలు ఊపిరాడకుండా చెప్పుకుపోతుంటే, నేను చెప్పుల్లో కాళ్లు దూర్చుకుని వెళ్లి లోపలికి తొంగి చూశాను. ఒక చెక్కబల్ల, దాని మీద పలచటి పరుపు, బల్ల కింద గిన్నెలు పెట్టుకునే అర, చిన్న గ్యాసు పొయ్యి, నీళ్ల డబ్బా, అంతే. టీవీ, ఏసీ, ఫ్రిజ్జు, స్నానాలగది ఉన్నవి వేరే ఉంటాయట గానీ వాటి అద్దె వింటే కళ్లు తిరుగుతాయట, పైగా సందుల్లోకీ గట్ల మీదికీ రావట, అందుకని ఇప్పటి పిల్లలు ఇలాంటివే అడుగుతున్నారట. "ఇందులో ఏమీ ఉండవత్తయ్యా, అదే దీని గొప్ప" అంది ఆ పిల్ల. నాకు నవ్వొచ్చింది. ముందు సీట్లో కూర్చున్న అన్నయ్య మాత్రం మావైపు తిరగనే లేదు.

నా ఈడు వాళ్లకి నేను ఎందుకు నవ్వానో చెప్పాలి. ఏమీ లేని వ్యాను మా ఇంట్లో ఎప్పుడో ఉండేది మరి! పెడనలో మాది అద్దకం పని చేసే ఇల్లు. కరక్కాయ నీళ్లలో, గేదెపాలలో నానబెట్టిన గుడ్డ వాసన ఇల్లంతా కమ్ముకుని ఉండేది, బళ్లో నా పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు, నేను వాళ్లని గిల్లేదాన్ని. చెక్క అచ్చులతో గుడ్డ మీద పువ్వులూ తీగలూ అద్దాక ఆ గుడ్డని పారే నీళ్లలో ఉతకాలి. నిలవ నీళ్లలో ముంచితే వదిలిన రంగు పక్కనున్న తెల్లటి చోటుకి అంటుకుని గుడ్డంతా మాసిపోతుంది. పారే నీళ్లయితే అదనపు రంగు కొట్టుకుపోయి పువ్వు పువ్వులా తేలుతుంది. మామూలు రోజుల్లో మా కాలువ చాలు. ఎండాకాలం వచ్చిందంటే కాలువలు కట్టేసేవారు, మా పని ఆగిపోయేది.

అయితే ఊళ్లలో మంచినీళ్ల చెరువులు నింపడానికి ఒక్కో కాలువకీ వంతుల ప్రకారం కొద్దిరోజులు నీళ్లు వదిలేవారు. పామర్రు వైపు వదిలారట అని కబురు రావడం ఆలస్యం, నాన్న ఎవరో వాడి పారేసిన పాత డీజిలు వ్యానులో అద్దిన గుడ్డల మూటలు వేసి, అమ్మనీ మమ్మల్నీ ఎక్కించి, నీళ్ల వెంట పరిగెత్తించేవాడు. ఆ వ్యానులో ఒక చెక్కబల్ల, కిరసనాయిలు పొయ్యి, పాత టైరులో కదలకుండా కూర్చోబెట్టిన కుండ, ఒక చాప ఉండేవి. తేలికైన బండి కావడంతో కాలువగట్టు మీద మేకపిల్లలా పోయేది, ఇరుక్కుంటే మేమందరం దిగి ఒక్క తోపు తోసేవాళ్లం. నీళ్లు కనబడ్డ చోట ఆగి, నీళ్లు పారినన్నాళ్లూ అక్కడే కాపురం పెట్టేవాళ్లం. మగవాళ్లు మోకాలి లోతు నీళ్లలో గుడ్డ జాడిస్తుంటే, మేం తడిగుడ్డలు గడ్డి మీద పరిచి అవి ఎండిపోకుండా నీళ్లు చిలకరించేవాళ్లం.

ఆ వ్యానుకి పక్కన ఒక పెద్ద తలుపు ఉండేది. అది బార్లా తీసి, కాళ్లు కిందికి వేలాడేసి, అమ్మ ఆ గుమ్మంలో కూర్చునేది. ఇంట్లో ఉన్నప్పుడు మా అమ్మ కూర్చోగా నేను చూడలేదు, అత్తగారు, మావగారు, పనివాళ్లు, పొయ్యి, ఒకటా రెండా! ఆ గుమ్మంలో మాత్రం రాణీగారే అనుకోండి. పప్పులోకి మామిడికాయ ముక్కలు తరుగుతూ, కాలువలో ఎర్రగా సాగిపోతున్న రంగుకేసి చూస్తూ ఉండేది. ఒకసారి నాన్నని అడిగింది, ఈ రంగంతా ఎక్కడికి పోతుందీ అని. నాన్న తెలియదని చెప్పే మనిషి కాదు, ఎక్కడికి పోతుంది, దివిసీమ చివర హంసలదీవి దగ్గర కృష్ణమ్మతో పాటు సముద్రంలో కలుస్తుంది అన్నాడు. కాలువ నీళ్లు నిజంగా అక్కడికే చేరతాయో లేదో ఆయనకెంత తెలుసో నాకంతే తెలుసు. అమ్మ మాత్రం పట్టుకుంది. "ఒక్కసారి మూటల్లేకుండా అక్కడికి తీసికెళ్లండి, ఈ గుమ్మంలో కూర్చుని చూసొస్తాను" అనేది. వచ్చే ఏడు వెళ్దామనేవాడు నాన్న. అలా అంటూ అంటూనే ఒక మధ్యాహ్నం అద్దకం బల్ల మీదే తల వాల్చి వెళ్లిపోయాడు.

అప్పటికి అన్నయ్యకి గుడివాడలో ఉద్యోగం వచ్చింది. నాన్న తీర్చని కోరిక తాను తీరుస్తానన్నాడు, అమ్మంటే ప్రాణం వాడికి. కానీ అమ్మ మోకాళ్లు అరిగిపోయాయి, ఎండకి తట్టుకోలేకపోతోంది. దానికితోడు ప్రయాణమంటే అమ్మ ముందురోజు నుంచే మంచినీళ్లు ముట్టదు. దారిలో ఆడవాళ్ల అవస్థ నా ఈడు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అమ్మని కష్టపెట్టి తీసుకెళ్లనని అన్నయ్య నాన్న వ్యానుని గుడివాడలో ఒక షెడ్డుకి అప్పజెప్పాడు. మెత్తటి పరుపు పెట్టించాడు, ఫ్యాను పెట్టించాడు, ఫ్యానుకి బ్యాటరీలు, తర్వాత కూలరు, కూలరుకి నీళ్ల ట్యాంకు, అంత బరువుకి కింద ఇనుప చట్రం. ఒకటి పెడితే దానికి ఇంకోటి కావాల్సి వచ్చేది. ఆఖరికి తెల్లటి పలకలు పరిచి చిన్న మరుగుదొడ్డి కూడా కట్టించాడు. ఇందుకు రెండేళ్లు పట్టింది. చూసిన ప్రతివాళ్లూ కొడుకంటే వీడమ్మా అన్నారు, నేనూ అన్నాను.

అమ్మ లోపలికి ఎక్కి అంతా చూసి, బాగుంది నాయనా అంది. ఇంట్లోకి వచ్చాక నా చెయ్యి పట్టుకుని, "పొయ్యి పక్కనే దొడ్డేమిటే? అక్కడ అన్నం ఎలా వండుతాం, ఎలా తింటాం?" అంది. మా పెరట్లో మరుగుదొడ్డి ఇంటికి ఆమడ దూరాన ఉండేది, అటు వెళ్లొచ్చి కాళ్లు కడుక్కోందే వంటింటి గడప తొక్కేది కాదు మా అమ్మ. కడిగితే అద్దంలా ఉంటుందమ్మా అని ఎంత చెప్పినా వినలేదు, అన్నయ్యకి చెప్పనివ్వలేదు కూడా. కొడుకు అంత ఆశగా చేయించాడు కదా మరి.

బయల్దేరాం. చల్లపల్లి దాటాం, అవనిగడ్డ దాటాం. ఆవిడ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఏ ఇబ్బంది లేకుండా నీళ్లు తాగాలనే కదా వాడు అదంతా కట్టించింది! ఆ దొడ్డి ఉందనే ఆ బండిలో గుక్కెడు నీళ్లు ఆవిడ గొంతు దిగలేదు. అన్నయ్య అద్దంలోంచి చూస్తూ ఫ్యాను పెంచనా అమ్మా, కూలరు వెయ్యనా అమ్మా అని అడుగుతూనే ఉన్నాడు.

ఆ రోజుల్లో హంసలదీవి దాటాక సముద్రం దాకా రోడ్డు లేదు. ఉప్పునేల, ఇసుక, అటూ ఇటూ మడచెట్లు. బండి కొంచెం దూరం వెళ్లి, ఇరుసు దాకా దిగబడిపోయింది. తోశాం, దారిన పోయే చేపలవాళ్లు కూడా వచ్చి తోశారు, అంగుళం కదల్లేదు. నాన్న నాటి బండయితే అందరం కలిసి ఎత్తి అవతల పెట్టేవాళ్లం. నడిచి వెళ్దామంటే అమ్మకి మోకాళ్లు. ఎవరో ట్రాక్టరు కోసం పరిగెత్తారు. చెట్ల అవతల సముద్రం హోరు వినబడుతూనే ఉంది. అప్పుడు అమ్మ, "పోనీ ఆ పక్క తలుపు తియ్యరా, గాలన్నా పీల్చుకుంటాను, ఇక్కడే కూర్చుంటాను" అంది.

తలుపు లేదు. ఎక్కడానికి వెనక చిన్న తలుపు ఉంచి, మరుగుదొడ్డి గోడ కోసం ఆ తలుపుని రేకుతో మూయించేశాడు అన్నయ్య. అమ్మ ఆ రేకు మీద చెయ్యి పెట్టి కాసేపు తడిమి చూసింది. తర్వాత పరుపు మీద కూర్చుని, "వినబడుతోందిగా నాయనా, చాలు" అంది. వాడు బండి దిగి, చెట్ల చాటుకి వెళ్లి, ట్రాక్టరు వచ్చేదాకా తిరిగి రాలేదు. మళ్లీ ఎండాకాలం రాకముందే అమ్మ వెళ్లిపోయింది. ఆ వ్యాను ఎవరికిచ్చేశాడో మేం అడగలేదు, వాడు చెప్పలేదు.

ఇప్పుడు అద్దిన గుడ్డలకి సిమెంటు తొట్లూ బోరునీళ్లూ వచ్చాయి, నీళ్ల వెంట పరిగెత్తేవాళ్లు లేరు. హంసలదీవి దాటి సముద్రం ఒడ్డుదాకా రోడ్డు కూడా వచ్చింది, ఎంత బరువు బండయినా జామ్మని పోతుంది. పోయిన ఆదివారం మేమూ అలాగే పోయాం. దారిలో మేనకోడలు నాకు నీళ్ల సీసా అందించి, తాగత్తయ్యా, పెట్రోలు బంకు కనబడితే బాత్రూముకి ఆపుతాం కదా అంది. ఇంత చిన్న మాట ఆ రోజుల్లో మాకెవరికీ తోచలేదేమిటా అనుకున్నాను.

ఒడ్డున పిల్లలిద్దరూ చెప్పులు విడిచి నీళ్లలోకి పరిగెత్తారు. నేను వెనక్కి తిరిగి చూస్తే, అన్నయ్య వ్యాను పక్క తలుపు తనే బార్లా తోసి, గడప పట్టుకుని, కాళ్లు కిందికి వేలాడేసి కూర్చున్నాడు. సగం గుమ్మం ఖాళీగా వదిలి, ఒక పక్కకి ఒదిగి కూర్చున్నాడు. ఆ ఖాళీలో కూర్చోవడానికి నాకు మనసొప్పక వాడి ముందే నిలబడ్డాను. సముద్రం వైపు చూస్తూనే, "ఇంతే కదే అమ్మ అడిగింది" అన్నాడు.