మామ బిగించిన నట్టు

పుంగనూరు పక్క పల్లెలో ఆవులు మేపుకునే చెంగల్రాయుడికి బెంగళూరులో విమానాలు బాగుచేసే షెడ్డులో పని దొరికిందంటే అంతా మేనమామ గోవిందప్ప చలవే. అక్కడొక నియమం ఉండేది. ఒకరు బిగించిన నట్టును ఇంకొకరు చూసి సంతకం పెట్టాలి. మామా అల్లుళ్లది ఒకే జత. మొదటి వారంలోనే చెంగల్రాయుడు లైటు తీసుకుని వంగితే, "నా సేతి మీద నమ్మకం లేదా అప్పా?" అని గోవిందప్ప నవ్వాడు. ఆనాటి నుంచి అల్లుడు చూడకుండానే సంతకం పెట్టేవాడు. అదే మర్యాద అనుకున్నాడు, పిచ్చివాడు. నియమం తప్పితే జీతం కోస్తామని పైవాళ్లు గోడ మీద రాయించారు. అన్నం పెట్టిన మామ పనిని తప్పుపట్టేదెలాగో మాత్రం ఎవరూ రాయలేదు.

అలా ఎనిమిదేళ్లు గడిచాయి. ఎనభై మూడులో ఒక శనివారం ఇద్దరూ ఊరికి బయలుదేరారు. పలమనేరులో బస్సు మారేటప్పుడు గోవిందప్ప పుంగనూరు బస్సు వదిలి పోయి పోయి కుప్పం బస్సెక్కబోయాడు. చెంగల్రాయుడు చెయ్యి పట్టి ఆపాడు.

"బోర్డు కనపడలేదా మామా?"

"పొద్దు గూకతాండాది గదప్పా."

"ఎండ ఇంకా మండతానే ఉండాది."

గోవిందప్ప తల దించుకున్నాడు. "ఏడాదిగా కండ్లు మసక. సెప్తే పనిలోంచి తీసేస్తారు."

పొద్దున మామ రెక్క కింద బిగించిన నట్టు చెంగల్రాయుడి కళ్లముందు మెదిలింది. ఆ విమానం సోమవారం ఎగరాలి.

"వెనక్కి పోదాం పా మామా. పొద్దున నట్టు నేను సూడలా. ఎప్పుడూ సూడలా."

గోవిందప్ప మొహం పాలిపోయింది. "నువ్వు సూస్తాండావనే గదప్పా నేను ధైర్యంగా బిగిస్తాండాను. ఆ పొద్దు ఏదో ఎగతాళికి అన్న మాట."

ఇద్దరి కూడూ పోతుందని తెలిసే తిరుగు బస్సెక్కారు. మర్నాడు చూస్తే, నట్టు వదులు కాకుండా కట్టే తీగ తిరగేసి చుట్టి ఉంది. అది నట్టును వదులయ్యే వైపే లాగుతోంది. జరిగిందంతా గోవిందప్పే పై అధికారికి చెప్పేశాడు. ఆయన తిట్టాల్సినవన్నీ తిట్టాడు గానీ పనిలోంచి తీసేయలేదు. మామను కంటి ఆపరేషనుకు మదనపల్లెకు పంపాడు.

గోవిందప్ప లావుపాటి అద్దాలతో తిరిగొచ్చాడు. మొదటి నట్టు బిగించి, లైటు తానే అల్లుడి చేతికిచ్చి, షెడ్డంతా వినపడేలా పిలిచాడు. "రాప్పా, నా తప్పు యాడుండాదో సూడు." అందరిలోకీ పెద్దవాడే అలా అడిగితే ఇక చిన్నవాళ్లకు మొహమాటమేముంది? మెల్లగా అందరూ అలాగే పిలవడం మొదలుపెట్టారు.

ఆ రోజు చెంగల్రాయుడు తల దించుకునే లైటు అందుకున్నాడు. మామ లైటు ఉన్న ఆ చేతిని గట్టిగా పట్టుకుని, అతను తలెత్తి నట్టును చూసేదాకా వదల్లేదు.