నర్సమ్మ మోపెడ్ పక్కన

మా పక్కింటి నర్సమ్మ పోయిన మంగళవారం పొద్దున పుంగనూరులో, తమ్ముడి ఇంట్లో కన్నుమూసింది. ఆ తమ్ముడే ఫోన్ చేశాడు. "కాఫీ తాగి గ్లాసు కింద పెట్టిందమ్మా, అంతే. ఏమన్నా అయితే ముందు నీకు చెప్పమని ఎప్పుడో చెప్పి పెట్టింది," అన్నాడు. అప్పుడు నేను అంగళ్లులో, మా కాలేజీ ఆఫీసులో హాల్ టికెట్లు విడదీస్తున్నాను.

ఆమె సర్కారు ఆసుపత్రుల్లో నర్సుగా ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైన మనిషి. మొదటి ఉద్యోగం కుప్పం పక్క పల్లెల్లో, తర్వాత బైరెడ్డిపల్లె, చివరికి మా మదనపల్లె. పెళ్ళి చేసుకోలేదు. మా వీధిలో ఎవరి బిడ్డకు జ్వరమొచ్చినా ముందు ఆమె తలుపే తట్టేవాళ్ళం. రిటైరైన రోజున తనకు తనే బహుమతిగా ఒక ఆకుపచ్చ మోపెడ్ కొనుక్కుంది. దాన్ని ఆమె వేగంగా నడపగా నేనెప్పుడూ చూడలేదు.

నాకు నలభై ఐదేళ్ళప్పుడు డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి షుగరు అంచున ఉన్నానన్నాడు. మా అమ్మ అదే వయసులో పక్షవాతంతో మంచం పట్టింది. నా డిగ్రీ చదువంతా ఆ మంచం పక్కనే సాగింది. ఆ భయంతో నడక మొదలుపెట్టాను. నడక పరుగైంది. ఏడాది తిరిగేసరికి మా కాలేజీ కుర్ర లెక్చరర్లతో కలిసి బెంగళూరులో ఒక మారథాన్‌కు పేరిచ్చేశాను. వాళ్ళతో సమానంగా బయలుదేరాను. మొదటి గంట ఒళ్ళు తేలిపోతున్నట్టనిపించింది. సగం దాటాక ఒక ఫ్లైఓవర్ ఎక్కుతుంటే కళ్ళు బైర్లు కమ్మి రోడ్డు పక్కన కూలబడ్డాను. అంబులెన్సులో వెనక్కి తెచ్చారు. ఇంటికొచ్చి బూట్లు అటక మీద పడేశాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

నాలుగో రోజు నర్సమ్మ గోడ మీదుగా అడిగింది. "యాలమ్మా, మెట్ల మీద నీ బూట్లు కనపళ్ళేదే?"

చెప్పేశాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆమె ఓదార్చలేదు. "పరిగెత్తేటప్పుడు ఎవురితోనన్నా మాట్లాడినావా?" అంది.

"ఊపిరే ఆడలేదు, ఇంక మాటెక్కడ?"

"అదే మరి. రేపు పొద్దున్నే బూట్లు దించుకోని రా. నేనూ వస్తాను."

మర్నాడు తెల్లవారుతుండగా పుంగనూరు రోడ్డు మీద నా పరుగు, పక్కన ఆమె మోపెడ్. షరతు ఒక్కటే. ఆమె అడిగినదానికి నేను వివరంగా జవాబు చెప్పాలి. రాత్రి ఏం కూర చేసినావు, అందులో ఏమేసినావు, మీ ప్రిన్సిపాల్ ఇంకా అందరి మీదా అరుస్తానే ఉండాడా. ఊపిరాడక నేను రెండు ముక్కల్లో తేల్చేస్తే మోపెడ్ ఆపేసేది. "మాట తెగింది. నడువు," అనేది. మొదటి నెలంతా పరుగు కంటే నడకే ఎక్కువ. పాల క్యాన్లు కట్టుకున్న సైకిళ్ళు కూడా నన్ను దాటిపోతుంటే సిగ్గేసేది. ఒకరోజు విసుగొచ్చి, "ఇట్లా అయితే ఎప్పటికి చేరతాను?" అన్నాను.

"చేరతావు కదా," అంది.

ఒక ఆదివారం కల్వర్టు మీద కూర్చుని అరటిపండ్లు తింటుంటే కుప్పం సంగతి చెప్పింది. అప్పుడు ఆమెకు ఇరవై రెండేళ్ళు. ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు. గుట్ట మీది పల్లెలో ఒకామెకు కాన్పు కష్టమవుతోందని కబురొస్తే, సంచీ భుజాన వేసుకుని గుట్ట కింది నుంచి పైదాకా ఆగకుండా పరిగెత్తింది.

"పోయి బిడ్డ గుండె వినాలని కడుపు మీద గొట్టం పెట్టినా. నా గుండె దడే నా చెవుల్లో కొట్టుకుంటాంది. బిడ్డది వినపళ్ళేదు. ఆ తల్లి నా మొగం సూసి, బిడ్డ పోయిందనుకోని ఏడ్చబట్టింది."

"మరేం చేశారు?"

"గోడకానుకోని కూర్చున్నా, ఊపిరి కుదురుకునేదాకా. అంతసేపూ ఆమె ఏడుస్తానే ఉండాది. మళ్ళా గొట్టం పెడితే వినిపించింది. ఆడబిడ్డ, బాగానే పుట్టింది. కానీ ఆ తల్లి ఏడ్చింది నా తొందర వల్లే కదా." చేతిలోని తొక్క మడిచి సంచీలో పెట్టుకుంది. "ఆ పొద్దు నుంచి ఏ ఊరికి పోయినా, పోతానే పనిలో దిగేటట్టు పోయినా. అంతకంటే బిరీన పోలేదు."

ఆ తర్వాత సైకిళ్ళు దాటిపోతే నాకు సిగ్గనిపించలేదు.

మరుసటి ఏడు మళ్ళీ బెంగళూరు వెళ్ళాను. కుర్రవాళ్ళందరూ దాటిపోయారు, పోనిచ్చాను. నాలాగే నెమ్మదిగా వస్తున్న ఒక హోసూరు ఆవిడతో పిల్లల చదువుల గురించీ, చింతకాయ తొక్కు గురించీ మాట్లాడుకుంటూ పోయాను. చివరి గంటలో తొడలు పట్టేశాయి. చాలా దూరం నడిచాను. కానీ చివరి గీత నా కాళ్ళ మీదే దాటాను. వెంటనే నర్సమ్మకు ఫోన్ చేశాను.

"దాటినాక నిలబడినావా, కూలబడినావా?" అని అడిగింది.

"నిలబడే ఉన్నాను."

"అయితే సరే. ఇంటికొచ్చి అన్నం తిను."

మొన్నటి ఎండాకాలంలో ఆమె గుండె బలహీనపడింది. సాయంత్రాలు వీధి చివరిదాకా నేను తోడు నడిచేదాన్ని. ఇప్పుడు ప్రశ్నలు అడిగేది నేను. జవాబు మధ్యలో ఆమె ఆగితే నేనూ ఆగేదాన్ని. "నా పాఠం నాకే అప్పజెప్తాండావా," అని నవ్వేది. మా అమ్మ మంచం పట్టిన వయసు దాటి నేనింకా నడుస్తున్నానంటే అది ఆమె చలవ. ఆ మాట ఆమెతో ఒక్కసారీ అనలేదు. అనివుంటే కసిరేదేమో, అయినా అనాల్సింది.

తమ్ముడొచ్చి పుంగనూరు తీసుకెళ్ళే ముందురోజు, మెయిన్ రోడ్డు దాకా పోదామంది. చేరేసరికి మార్కెట్ యార్డు నుంచి టమాటా లారీలు వరుసగా వస్తున్నాయి. నా భుజం మీద చేయి వేసి నిలబడి, ఒక్కో లారీ ఏ ఊరికో తనే చెప్పింది. ఇది మద్రాసుకు, ఇది బెంగళూరుకు, ఇది యాడికో శానా దూరం. చివరి లారీలో, క్రేట్ల మీద పరిచిన పట్టా పైన ఒక మనిషి కాళ్ళు చాపుకుని, ముఖం మీద తువ్వాలు కప్పుకుని నిద్రపోతున్నాడు. ఆ లారీ మలుపు తిరిగేదాకా ఆమె అతన్నే చూస్తూ ఉంది. "ఆయప్ప గూడా చేరతాడు కదా," అంది.