బావి మీద పడ్డ ఎర్ర మరక

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. కంఠేశ్వర్‌లో నేనుండే గదిలో ఏదో తిరుగుతుందని ఎవరో చెబితే, కిరాయి తగ్గుతుందేమోనని ఆశపడ్డాను. అంతే.

నా ఉద్యోగం గురించి చెబితే మాత్రం అదే దయ్యం కథలా ఉంటుంది. ఒక ప్రైవేటు కంపెనీ ఉపగ్రహం పైన తిరుగుతూ, నేల మీద ఎక్కడెక్కడ మీథేన్ గ్యాస్ లేస్తోందో ఫొటో తీస్తుంది. భూమిని వేడెక్కించే ఆ గ్యాస్ కంటికి కనబడదు, ఫొటోలో ఎర్ర మరకలా పడుతుంది. మరక పడ్డచోటికి నేను మీథేన్ కొలిచే మీటరు పట్టుకుని బైకు మీద వెళ్లి, అక్కడ నిజంగా ఏముందో చూసి చెప్పాలి. ఎప్పుడూ చెత్త కుప్పో, మురుగు గుంటో ఉంటుంది. అంతరిక్ష రంగంలో పనిచేస్తున్నానని పెళ్లిచూపుల్లో చెప్పుకోవచ్చు.

మొన్న ఎండాకాలం ఒక మరక బోధన్ దగ్గర చెరుకు చేనులో పడింది. మ్యాప్ పెద్దది చేసి చూస్తే అది మా అక్కవాళ్ల చేను. ఫోన్ చేసి, మీ చేను గ్యాస్ వదులుతోందని పైనుంచి ఫిర్యాదు వచ్చిందన్నాను. అక్క నవ్వలేదు.

నేను వెళ్లేసరికి చేనులో నలుగురు పోగై ఉన్నారు. బోరు ఎండిపోయింది, చెరుకు వాడిపోతోంది. ఏళ్లుగా వాడని పాత బావిలో పూడిక తీయించాలని బావ ఆలోచన. ముందు తానే దిగి చూస్తానని నడుముకు తాడు కట్టుకున్నాడు. నా లాప్‌టాప్‌లో మరక సరిగ్గా ఆ బావి దగ్గరే మొదలైంది.

బావి గట్టు మీద మీటరు పెట్టాను. సున్నా చూపించింది.

మా వైపు పాత బావిలో మనిషి దిగేముందు వెలిగించిన కందిలి దింపుతారు. లోపల గాలి చెడిపోతే దీపం ఆరిపోతుంది, మనిషి దిగడు. ఇప్పుడు కందిళ్లు ఎవరింట్లో ఉన్నాయి? బావ తన ఫోన్‌లో టార్చి వేసి, తాడు కట్టి దింపాడు. అడుగుదాకా చక్కగా వెలిగింది. ఇంక దిగొచ్చని అందరూ అన్నారు. ఆ అందరిలో నేనూ ఉన్నాను, నా డిగ్రీతో సహా.

అక్క మాత్రం లాప్‌టాప్ మీంచి చూపు తిప్పలేదు.

"గిదేందిరా, రక్తం లెక్క?"

మిషన్ తప్పు చూపించి ఉంటుందన్నాను. అక్క బావిలోకి తొంగి చూసి, బావ వైపు తిరిగింది.

"ఫోన్ ఊపిరి తీస్కుంటదా?"

తాడు బిగించుకుంటున్న బావ చెయ్యి పట్టుకుంది.

"దీపం దించు. గప్పటిదాంక నువ్వు దిగకు."

"ఊకె భయపడ్తవేందే," అని గొణిగాడు గానీ బావ ఆగాడు. అక్క ఇంటికెళ్లి దేవుడి ముందరి దీపం తెచ్చి బకెట్లో పెట్టింది. సగం దిగేసరికి ఆరిపోయింది. గాలికి ఆరిందేమోనని బావ మళ్లీ వెలిగించి దింపాడు. మళ్లీ అక్కడే ఆరింది. అడుగున ఫోన్ మాత్రం వెలుగుతూనే ఉంది. బావ నడుముకున్న తాడు విప్పేసుకున్నాడు. ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది.

ఆఫీసులో ఫొటోలు చూసే అతనికి అంతా చెప్పాను. ఒక్క బావిలోంచి వచ్చేంత గ్యాస్ అంత ఎత్తు నుంచి కనబడే ప్రశ్నే లేదన్నాడు. పైగా మీథేన్ ఉంటే మీటరు చూపించేదట. దీపాన్ని ఆర్పింది వేరే గాలి, దాన్ని మన ఉపగ్రహం వెతకనే వెతకదు. కాబట్టి ఆ మరక ఫొటోలో దొర్లిన పొరపాటేనని తేల్చాడు. జిల్లాలో ఇన్ని బావులుండగా పొరపాటు ఆ బావి మీదే, బావ దిగబోయే పూటే ఎందుకు పడిందని అడిగాను. అది తన డిపార్ట్‌మెంటు కాదన్నాడు.

తర్వాత సరిచేసిన ఫొటో పంపారు. అందులో చేను శుభ్రంగా ఉంది, మరక లేదు. పాతది తీసేయమన్నారు. అక్క తీయనివ్వలేదు.

రెండింటిలో ఏది నిజమని అక్క అప్పుడప్పుడు అడుగుతుంది. ఉద్యోగం ప్రకారం రెండోదే అని చెప్పాలి. కానీ ఎదురుగా బావ కూర్చుని, పప్పులో ఉప్పు తక్కువైందని సణుగుతూ అన్నం తింటుంటే, ఆ మాట ఇంకా నా నోట్లోంచి రాలేదు.