పండుగ తర్వాత ఎన్ని దినాలు?

మంగళవారం పొద్దున పాలు కాస్తుంటే దవాఖాన కాంపౌండర్ వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు. "అక్కా, డాక్టర్ సాబ్ పోయిండు," అన్నాడు. పాలు పొంగిపోతున్నా దించడానికి నాకు చేతులు ఆడలేదు.

ఆయన మనసు జబ్బుల డాక్టరు. ఇల్లు సుబేదారిలో, దవాఖాన మా మట్టెవాడలో. డెబ్బైల చివర్లో నా భర్తను ఆయనకు చూపించాను. మాది బట్టల దుకాణం. మనిషికి నిద్ర పట్టడం లేదని మాత్రమే చెప్పాను. పేకాట సంగతి ఎత్తలేదు, ఇంటి గుట్టు కదా.

నిద్ర లేదని వచ్చిన ప్రతి మగవాడినీ డాక్టరు గారు ఒక కాగితం చూసి ప్రశ్నలు అడిగేవారు. జూదం మనిషిని పట్టుకుందో లేదో తేల్చే ప్రశ్నలవి. ఇంగ్లీషులోంచి ఆయనే తెలుగు చేసుకున్నారు. నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టారు.

"జూదం ఆడతారా?" అన్నది మొదటి ప్రశ్న. నా భర్త లేదన్నాడు. అది అబద్ధమని తనే అనుకోలేదు. మా వ్యాపారుల ఇళ్లలో దీపావళికి లక్ష్మీపూజ కాగానే పెద్దవాళ్లే ముక్కలు పంచుతారు. దాన్ని జూదమని ఎవరూ అనరు. నా భర్తకు ఆ పండుగ ఆట హోళీ దాటినా ఆగలేదు, అంతే. అన్నిటికీ లేదనే జవాబు వచ్చింది. డాక్టరు గారు మాత్రలు రాసి నెలకు మళ్ళీ రమ్మన్నారు.

నెల తిరగకముందే, "స్టేషన్ దాంక పోయొస్త," అని వెళ్లిన మనిషి తిరిగి రాలేదు. రైలెక్కి స్టేషన్ ఘన్‌పూర్‌లో దిగాడని ఎవరో అంటే అక్కడా వెతికాం.

అప్పుడు పేకాట సంగతి తెలిసి డాక్టరు గారే ఇంటికి వచ్చారు. "నేనే తప్పు అడిగిన తల్లీ," అన్నారు. నాకు ఒళ్లు మండింది.

"గిప్పుడు చెప్తె ఏం ఫాయిదా సారూ?"

"ఫాయిదా లేదు. మరెట్ల అడగాల్నో నువ్వే చెప్పు."

"పండుగ అయినంక ఎన్ని దినాలు ఆడినవని అడగాలె!" అని అరిచాను. ఆయన అక్కడే, నేను ఏడుస్తుండగానే, జేబులోంచి కాగితం తీసి ఆ మాట రాసుకున్నారు.

ఆ తర్వాత పదేళ్లు ఆయన దవాఖానలో పనిచేశాను. ప్రశ్నలన్నీ మా ఇళ్ల మాటల్లోకి మార్చాం. మగవాడిని ఆయన లోపల అడిగితే, వెంట వచ్చిన ఆడమనిషిని నేను విడిగా అడిగేదాన్ని. అడిగేటప్పుడు ఆయన కలం ముట్టేవారు కాదు. "కలం చూస్తే మనిషి మాటలు సదురుకుంటడు," అనేవారు. అంతా విని తర్వాత రాసేవారు. ఆ కోడిగీతలు నేను తప్ప ఎవరూ చదవలేకపోయేవారు. ఆ మాటంటే పసిపిల్లాడిలా నవ్వేవారు. ఎందరో మనుషులు ఆట మానుకుని ఇళ్లకు చేరారు. సంతోషమే. కానీ ఒక్కొక్కరు చేరినప్పుడల్లా నా మనిషి రాలేదే అని నాకు కుళ్లు పుట్టేది. అది ఆయనకూ తెలుసు. ఆ రోజు నా ముఖం చూసేవారు కాదు.

దినాలు అయ్యాక కాంపౌండర్ ఆయన టేబుల్ అద్దం కింద దొరికిన పాత కాగితం తెచ్చిచ్చాడు. పైన నా భర్త పేరు. వరుసగా లేదు, లేదు, లేదు. అడుగున 'మళ్ళీ రావలసిన రోజు' అని ఉన్నచోట ఒక తేదీ కొట్టేసి ఇంకోటి, అదీ కొట్టేసి మరోటి, పదేళ్ల తేదీలు. చివరిది ఒక్కటే కొట్టేయనిది: 'దీపావళి తర్వాత సోమవారం.'

ఆ సోమవారం ఇంకా రాలేదు.